రొట్టెలమ్మ

మా శైలజ ఏది తెచ్చి చూపించినా నేను ముందు అనుమానంగానే చూస్తాను. అది నా గుణం, ఈ వయసులో మారదు. పాల ప్యాకెట్టును నొక్కి చూడందే తీసుకోను. బస్సు బోర్డు చదివిన తరువాత కూడా కండక్టరును అడిగి ఎక్కుతాను. ఎవరైనా ఊరికే మెచ్చుకుంటే వాళ్ళకు నాతో ఏం పని పడిందా అని ఆ పూటంతా ఆలోచిస్తాను. శైలజ మా తమ్ముడి కూతురు. ఇక్కడికి దగ్గర్లోని నరసాపురంలో మోటారు సైకిళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రాబర్ట్‌సన్‌పేటలో నా దగ్గరే ఉంటుంది. మొన్న వారపు సెలవునాడు మధ్యాహ్నం టీవీలో ఏదో పాత విదేశీ సినిమా పెట్టింది. "యుద్ధం కథ అత్తా. శత్రువులొచ్చి ఒక ఊరు పట్టుకొంటారంట. ఊరోళ్ళు ఏం చేసినారనేదే కథ" అంది. ఆ శత్రువులు ఎవరో, ఆ కథలో నిజమెంతో అని గొణుక్కుంటూ నేను పితికిపప్పు కోసం అనపకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. తెర మీద మంచు. మంచులో బూడిదరంగు కోట్ల సిపాయిలు. ఒక చిన్న రొట్టెల బట్టీ, దాని ముందు మోచేతుల దాకా పిండితో ఒక నడివయసు ఆడమనిషి, తల ఎత్తకుండా పిండి పిసుకుతోంది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆమెను నేను ఎరుగుదును. చిన్నప్పుడు ఒక సాయంత్రం మా లైన్లో వాళ్ళందరం కలిసి ఆమెను నోరారా తిట్టాం.

మా వాళ్ళు పలమనేరు వైపు పల్లె నుంచి ఇక్కడి బంగారు గనుల్లో పనికి వచ్చినవాళ్ళు. కంపెనీ ఇచ్చిన ఇల్లు లైన్లో ఉండేది. లైనంటే ఒకదానికొకటి అతికించినట్టు వరసగా కట్టిన ఇళ్ళు. పైన రేకులు, ఇంటికీ ఇంటికీ మధ్య మట్టి మెత్తి సున్నం కొట్టిన వెదురు తడిక. దాన్నే గోడ అనేవాళ్ళం. పక్కింట్లో తాలింపు పెడితే తుమ్ములు మాకు వచ్చేవి. మా అవ్వ, అంటే నాన్న తల్లి, సంగు కూయకముందే లేచేది. షిఫ్టు మారేటప్పుడు గనిలో మోగే సైరన్‌ను అందరూ సంగు అనేవాళ్ళు. అవ్వ పొయ్యి రాజేసి, రాగిపిండి జల్లించి, ముందు పనికి పోయే మగవాళ్ళకు సంగటి కెలికేది. నాన్న చొక్కాలో తడిరాయి వాసన, మందుగుండు వాసన. చిన్నాన తలలో ఘాటైన సెంటు నూనె వాసన. గాలి అటునుంచి తిరిగితే బంగారం తీసేశాక మిగిలిన పొడి పోసిన సయనైడు దిబ్బల మీది తెల్లటి దుమ్ము లేచి అన్నంలో పడి పళ్ళ కింద కరకరమనేది. అందుకని అవ్వ ప్రతి గిన్నె మీదా మూత, మూత మీద ఒక బరువు పెట్టేది. గింజ పారేసే మనిషి కాదు. గిన్నె అడుగున మాడిన సంగటిని కూడా నీళ్ళు పోసి నానబెట్టి, మజ్జిగ కలుపుకుని తాగేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ అవ్వ ఒకరోజు నా కళ్ళముందే నిండు గిన్నె సంగటి పారబోసింది.

గనిలోంచి పైకి వచ్చే ప్రతి మనిషినీ వెతికి పంపేవాళ్ళు. నోరు తెరవమనేవాళ్ళు, బట్టలు దులిపించేవాళ్ళు. నాన్న ఆ విషయం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. స్నానం మాత్రం ఒళ్ళు ఊడిపోయేలా రుద్దుకుని చేసేవాడు. అది చాలదన్నట్టు కాపలావాళ్ళు అప్పుడప్పుడు లైన్లోకి కూడా వచ్చేవాళ్ళు, మగవాళ్ళు లోపల పనిలో ఉన్న వేళ చూసుకుని. బంగారు రాయి, దాన్ని నూరే బండ, నూరినదాంట్లోంచి బంగారం విడదీసే పాదరసం సీసా, వీటికోసం వెతుకులాట. దొరికితే పని పోతుంది, పనితోపాటు ఇల్లూ పోతుంది. దొంగిలించేవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు, అనుమానం మాత్రం అందరి మీదా. అందుకే లైన్లో ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. కాపలావాళ్ళు వస్తే తలుపు తీయాలి, పక్కకు జరగాలి, అంతే. పలకరించకూడదు, కూర్చోమనకూడదు, దప్పికని అడిగినా నీళ్ళివ్వకూడదు. నీళ్ళిచ్చిన ఇల్లంటే కబుర్లు మోసే ఇల్లని అర్థం. ఇప్పుడు శైలజ రోజూ గేటు దగ్గర సంచి తెరిచి చూపించి, ఏదో కుయ్యిమనే యంత్రం గుండా నడిచి లోపలికి పోతుంది. "నీకేమనిపించదా?" అని అడిగితే "మిషన్ కదత్తా, దానికేం తెలుస్తాది" అని నవ్వుతుంది. మాకు వెతికేవాడి ముఖం తెలుసు, వాడి మీసం తెలుసు, వాడికి ఎంత మంది పిల్లలో తెలుసు. అందుకే వాడికి నీళ్ళివ్వకుండా ఉండటం పట్టుబట్టి చేయాల్సిన ఒక పని అయ్యేది.

మా ఇంటిని ఆనుకుని ఉన్న ఇల్లు గంగులమ్మది. నేను గంగులత్త అనేదాన్ని. అప్పటికి ఆమె చిన్నదే. చంకలో కూతురు సరస, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. నాకు గవదబిళ్ళలు వచ్చి బడి మాని, మెడకు పసుపు పట్టు వేసుకుని చాప మీద పడుకుని ఉన్నప్పుడు ఆ రోజు వచ్చింది. అమ్మ కొళాయి దగ్గర ఉంది. కాపలావాళ్ళ ఈల వినబడింది. లైను ఆ చివర తలుపులు తెరుచుకునే చప్పుడు. అవ్వ ఒక్క నిమిషం కదలకుండా నిలబడి, పెరట్లోకి పోయి వచ్చింది. వచ్చి, పొద్దున్నే వంట అయిపోయి చల్లారిన పొయ్యిని మళ్ళీ రాజేసింది. ఆ వేళప్పుడు ఎందుకా అని నేను పడుకునే చూశాను. అనుమానించే గుణం నాకు అప్పటికే వచ్చేసింది కాబోలు. పక్క వాకిట్లో గంగులత్త గొంతు వినిపించింది. "ఏమప్పా, ఎండలో పడి వస్తా ఉండారు. కూసోండి, కొంచెం నీళ్ళు తాగి పోండి."

లైనంతా చప్పుడు ఆగిపోయింది. వాకిళ్ళలో నిలబడిన ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారట, అమ్మ తరువాత చెప్పింది. గంగులత్త వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అది చాలక మజ్జిగ చేసి ఇచ్చింది. అది చాలక వాళ్ళ పెద్దాయనను పిల్లల చదువుల గురించి అడిగింది. ఇక్కడ మా ఇంట్లో నీళ్ళు కాగాయి. అవ్వ పిండి పోసి సంగటి కట్టెతో కెలకడం మొదలుపెట్టింది. కట్టె దేనికో తగిలి టక్కుమంది. "ఏందవ్వా అది?" అన్నాను. "గమ్మున పండుకో మే" అంది, నా వైపు చూడకుండా. చివరికి కాపలావాళ్ళు మూతి తుడుచుకుంటూ మా ఇంట్లోకి వచ్చారు. పెద్దాయన రాగిపిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియదిప్పాడు, పరుపులు ఎత్తి చూశాడు, నన్ను చాప మీంచి లేపి చాప ఎత్తి చూశాడు. అవ్వ ఆవిరిలో తల పెట్టి కెలుకుతూనే ఉంది. వాళ్ళు పోయాక గిన్నెను గుడ్డతో పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి బోర్లించింది. "బల్లి పడిందిమ్మే. తింటే సస్తారు" అంది. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను సంగటి ముద్దను విరిచి, లోపల బల్లి ఉందేమో చూసుకుని తింటాను. శైలజ దానికీ నవ్వుతుంది.

ఆ రోజు లైను ఆ చివరి ఇంట్లో పాదరసం సీసా దొరికింది. మునిస్వామి అని, నెమ్మదస్తుడు, ముగ్గురు ఆడపిల్లలు. వారం తిరక్కుండానే గిన్నెలూ చాపలూ బండికెత్తుకుని వెళ్ళిపోయారు. ఎవరో చెప్పకుండా అది దొరకదని లైను తీర్మానించింది. ఎవరు చెప్పారో వెతుక్కోవాల్సిన పని ఎవరికీ లేకపోయింది. నీళ్ళిచ్చింది, మజ్జిగ కూడా ఇచ్చింది. కొళాయి దగ్గర గంగులత్త బిందె పెడితే మిగతా బిందెలు వెనక్కి జరిగేవి. సరసతో ఆడొద్దని నాకు చెప్పారు. ఆమె భర్తకు గనిలో ఎవరూ ఆకూవక్కా ఇవ్వడం లేదని నాన్న ఒకసారి అన్నాడు, అని ఊరుకున్నాడు. మా ఇంట్లో ఆమెను అందరికంటే గట్టిగా తిట్టింది అవ్వే. తడికకు దగ్గరగా నిలబడి, అవతలికి వినబడేలాగా తిట్టేది.

కొన్నాళ్ళకు క్లబ్బు గ్రౌండులో తెర కట్టి ఈ సినిమా వేశారు. అప్పుడప్పుడు అట్లా ఉచితంగా వేసేవాళ్ళు. పొద్దు వాలకముందే చాపలు తెచ్చి పరిచాం. అది ఏ భాషో ఎవరికీ తెలియదు. తెల్లవాళ్ళ ముఖాలు కాబట్టి ఇంగ్లీషు అన్నారు. మాటలు అర్థం కాకపోయినా కథ మాకు బాగానే అర్థమైందనుకున్నాం. ఊళ్ళోకి సిపాయిలు వస్తారు. ఇళ్ళు వెతుకుతారు. ఊరివాళ్ళందరూ ముఖం తిప్పుకుంటే రొట్టెలు చేసే ఆడమనిషి మాత్రం వాళ్ళను కూర్చోబెట్టి వేడివేడి రొట్టెలు పెడుతుంది, ఏదో కాచి లోటాల్లో పోస్తుంది. ఊరివాళ్ళు ఆమె గుమ్మం ముందు ఉమ్మేస్తారు. మా చాపల మీద కలకలం. ఒకామె "థూ" అంది. అప్పుడు మా అవ్వ లేచి నిలబడి, వెనకాల ఒంటరిగా కూర్చున్న గంగులత్త వైపు తిరిగి, అందరికీ వినబడేలా అంది. "సూస్తిరా అమ్మా? ఆ రొట్టెలమ్మ మాదిరిది మన లైన్లోనూ ఒకటి ఉండాది." గ్రౌండంతా నవ్వింది. గంగులత్త తల వంచుకుని సరస జుట్టు సర్దుతోంది.

సినిమా పూర్తి కాలేదు. ఇంకా కొంచెం ఉందనగా కాళ్ళ కింద నేల దడదడమంది. తెర ఊగింది, ఎక్కడో రేకులు గలగలలాడాయి. గని లోపల రాయి ఒత్తిడికి పగిలితే అట్లా పైన భూమి అదిరేది. ఆ అదురు వస్తే ఎవరూ సినిమా చూస్తూ కూర్చోరు. చాపలు వదిలేసి ఆడవాళ్ళందరూ గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పరుగెత్తారు. లోపల ఎవరి మొగుడున్నాడో, ఎవరి కొడుకున్నాడో. ఆ షిఫ్టులో గంగులత్త భర్త ఉన్నాడు. మనుషులు ఒక్కొక్కరే పైకి వస్తుంటే, వచ్చినవాడి పేరు ముందున్నవాళ్ళు అరిచి వెనక్కి చెప్పడం అక్కడి అలవాటు. ఆమె భర్త క్షేమంగానే వచ్చాడు. అతని పేరు మాత్రం ఎవరూ అరవలేదు. ఆమె గేటు చువ్వల మధ్యనుంచి తొంగిచూసి తనే కనుక్కుంది. ఆ తరువాత సినిమా చివర ఏమైందని అడిగినవాళ్ళు లేరు. పేరు మాత్రం నిలిచిపోయింది. రొట్టెలమ్మ. ఆమె పెద్దదైనా, భర్త పోయినా, సరస పెళ్ళి శుభలేఖ పంచడానికి వచ్చినా రొట్టెలమ్మే. గనులు మూతపడి లైను సగం ఖాళీ అయ్యేటప్పటికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియని పిల్లలు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు.

అవ్వ పోయింది ఆ ఇంట్లోనే. చివర్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ రోజుల్లో ఆమె చేసిన ఒక పని మాకు అంతు పట్టలేదు. దప్పికై పెదాలు నాకేది. మేం నీళ్ళు తెస్తే మూతి బిగించేసేది. బాగున్న చెయ్యి ఎత్తి గంగులత్త ఇంటివైపు తడిక చూపించేది, మళ్ళీ నోరు చూపించేది. తడికలో ఏదో ఉందేమోనని అమ్మ వెతికింది. చల్లటి నీళ్ళు కావాలేమోనని చిన్నాన కొత్త కుండ తెచ్చాడు. పక్కింటి రొట్టెలమ్మ ఏదో చేతబడి చేయించిందని, అదే చూపిస్తోందని ఒకామె అంటే మేం కొట్టిపారేయలేదు. చివరికి గుడ్డ తడిపి పెదాలు తుడుస్తూ ఉండగానే పోయింది.

మొన్న శైలజ టీవీలో ఆ సినిమా ఆఖరుదాకా చూశాను. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే వాటినీ పూర్తిగా నమ్మకుండా, బొమ్మతో సరిపోతున్నాయో లేదో చూసుకుంటూ చూశాను. సిపాయిలు ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతారు. ఆమె బట్టీ వెనకాల పిండి బస్తాలు ఒక్కొక్కటే లాగుతుంది. వాటి వెనక గూట్లోంచి ఒక తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు వెలుగుకు కళ్ళు మూసుకుంటూ బయటికి వస్తారు. ఉమ్మిన ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా మళ్ళీ పోయి పిండి పిసుకుతుంది. రొట్టెలతో, కబుర్లతో సిపాయిలను ముందు గదిలో కూర్చోబెట్టింది అందుకన్నమాట. "ఊరోళ్ళకు ముందే చెప్పుంటే ఆ మాటలు పడే పని లేదు కదా" అన్నాను. శైలజ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "చెప్పేస్తే దాచినట్టు ఎట్లవుతాది అత్తా?"

ఆ మాటతో నా అనుమానం ఇన్నేళ్ళకు మా ఇంటివైపు తిరిగింది. చల్లారిన పొయ్యి మళ్ళీ ఎందుకు రాజేసినట్టు? కట్టెకు టక్కుమని తగిలిందేమిటి? బల్లి టక్కుమనదు. గింజ పారేయని అవ్వ నిండు గిన్నె బోర్లించింది, మేం ఎవరమూ ఆ బల్లిని చూడలేదు. ఎసరు కాగాలంటే సమయం పడుతుంది. ఆ సమయం ఎవరు ఇచ్చారు? రెండు రోజులు అదే లెక్క వేసుకున్నాను. మూడోరోజు గంగులత్త ఎక్కడ ఉందో నలుగురిని అడిగి తెలుసుకుని, శ్రీనివాసపురం బస్సెక్కాను. కండక్టరును అడిగే ఎక్కాను.

మామిడితోటలు పూత మీదున్నాయి. మందు కొడుతున్న వాసన, పూత వాసన కలిసి గొంతులో పడుతున్నాయి. ఊరి బయట సరస వాళ్ళ ఇల్లు. సరస నన్ను గుర్తుపట్టి కూడా గుమ్మంలోనే నిలబెట్టింది. "ఇన్నేండ్లకు ఏమిటికి వచ్చినావు? లైన్ ఇంటి పట్టాకు మా అమ్మ సంతకమేమైనా కావల్నా?" అంది. కాదన్నాను. "మరి ఏమిటికి?" అని మళ్ళీ అడిగింది. ఆమె అనుమానం చూస్తే నాకు కోపం రాలేదు, అది నాకు బాగా తెలిసిన ముఖమే. లోపలినుంచి "ఎవురే?" అని గొంతు వచ్చాక పక్కకు జరిగింది. గంగులత్త మంచం మీద కూర్చుని ఉంది. బాగా కుంగిపోయింది, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. నేను సినిమా చివర చెప్పాను. పిండి బస్తాల వెనక ఏముందో చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది.

"అట్లా ఉండాదా! నాకూ తెలీదమ్మా. కానీ ఆ యమ్మ ఊరికే రొట్టెలు పెట్టి ఉండదని నాకు ఆపొద్దే తోచె."

"మా ఇంట్లో ఏముండిందత్తా?"

ఆమె సరస వైపు చూసి, నా వైపు చూసింది. "మీ చిన్నాన తెచ్చిన రాయి. ఇంత లావు, పసుపు చార ఉన్నింది. పిండి డబ్బాలో పెట్టింటే మీ అవ్వకు అగుపడింది. ఈల ఊదంగానే పెరట్లోకొచ్చి, 'గంగులూ, వాళ్ళను కొంచేపు నిలబెట్టు మే, నా సంసారం పోతాది' అని ఏడ్సింది. నువ్వేమో గొంతు వాసి పండుకొని ఉంటివి. బిడ్డను ఎత్తుకొని యాడికి పోతారు? సరేలే అని నీళ్ళిస్తిని."

"మరి మా అవ్వే నిన్ను తిట్టింది కదా."

"నన్నడిగే తిట్టింది." గంగులత్త నవ్వింది. "ఆ సాయంత్రమే వచ్చి నా కాళ్ళు పట్టుకొన్నింది. 'నీళ్ళు ఏమిటికి ఇస్తివని అడుగుతారు. నువ్వేం చెప్పినా మా ఇంటి పక్కే చూస్తారు. అందరూ నిన్నే అనుకోనీ. నేనూ తిడతాను, మనసులో పెట్టుకోవద్దు. నాలుగు దినాలు ఓర్చుకో, నేనే అందరికీ నచ్చజెప్తాను' అనింది. సరే అంటిని. మా ఆయనకు గూడా చెప్పలే. ఆయన శానా దినాలు నాతో మాటాడలేదు. ఆ సినిమా పొద్దు మీ అవ్వ పేరు పెట్టింది సూడు, నాకు లోపల నవ్వే వచ్చె. ఏం తెలివిరా ఈ ముసిల్దానికి అనుకొంటిని. ఇంగ నాలుగు దినాలైనాక వస్తాదని చూస్తిని. రాలే. పోయేటప్పుడన్నా పిలిపిస్తుందనుకొంటిని. పిలిపించలే."

సరస గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకూ ఇదంతా అప్పుడే తెలుస్తోందని నాకు అర్థమైంది. నాకు మా అవ్వ మీద కోపం వచ్చింది, చచ్చిపోయినవాళ్ళ మీద రాకూడనంత కోపం. ఆమె పొయ్యి, ఆమె జల్లెడ, మాడు నానబెట్టి తాగే పొదుపు, ఇన్నాళ్ళూ నేను ముచ్చటగా తలుచుకున్నవన్నీ ఒక్కసారిగా చేదైపోయాయి. మా సంసారం నిలిచింది, నాన్న పని నిలిచింది, నేను చదువుకుని ఉద్యోగం చేశాను. అంతా ఈమె పేరు మీద. అప్పుడు తడిక గుర్తొచ్చింది, చెయ్యి గుర్తొచ్చింది.

"అవ్వకు మాట పోయినాక నీళ్ళిస్తే తాగేది కాదత్తా," అన్నాను. "దప్పికతోనే ఉండేది. చెయ్యెత్తి మీ పక్క గోడ చూపించేది, మళ్ళీ నోరు చూపించేది. అట్లా ఎన్నోసార్లు చూపించింది. మాకెవరికీ అర్థం కాలేదు."

గంగులత్త నా ముఖంలోకి చూసింది. నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. "నా మనసు కోసరం కల్పించి చెప్తా ఉండావా?"

"లేదత్తా. మా నాన్న మీద ఒట్టు."

ఆమె మంచం పట్టె పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. గొంతు ఒక్కసారిగా కోపంగా మారింది, నన్ను కాదు, మా ఇంట్లో అప్పుడున్న అందరినీ కలిపి తిడుతున్నట్టు.

"గోడ ఇవతలనే ఉంటిని కదమ్మా నేను. మీ అవ్వ మూలుగు రాత్రీ పగలూ నాకు వినబడతానే ఉండె. ఎవురన్నా ఒక్క మాట పిలిచింటే, సొంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోసిందును కదా."